వాక్యం చెప్పిన ఆకుకూరలామె

ఆమె చనిపోయిన సంగతి నాకు రేణిగుంట స్టేషన్లో తెలిసింది. తడలో మా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి చిత్తూరికి తిరిగి వస్తున్నాను. బండి మారడానికి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉంటే ఫోను మోగింది. ఆమె మరిది. ఐరాల దగ్గర వాళ్ళ పల్లెలో చర్చికి పెద్ద. పని ఉంటే తప్ప ఫోను చేసే మనిషి కాదు.

"వదినె పోయింది అయివోరా. మొన్ననే మట్టి సేసినాం. మీకు సెప్పాలని సూస్తే లైను కలవలేదు" అన్నాడు. వచ్చే బేస్తవారం ఆమె జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టుకున్నామనీ, నేను తప్పకుండా రావాలనీ చెప్పి పెట్టేశాడు.

పక్కన కూర్చున్న పెద్దాయన నా ముఖం చూసి, బంధువులా అని అడిగాడు. "మాకు ఆకుకూరలు తెచ్చే ఆమె" అన్నాను. అన్న తర్వాత ఆ జవాబు నాకే నచ్చలేదు. అది అబద్ధం కాదు. కానీ ఆ పెద్దాయన అయ్యో అని ఒక మాట అనేసి మళ్ళీ పేపర్లో తల పెట్టుకుంటే, ఆయన్ను పట్టుకుని ఇంకా ఏదో చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ చెప్పనిదే ఇది.

తొమ్మిదేళ్ళ పాటు వారానికి మూడు రోజులు ఆమె మా వీధికి వచ్చింది. ఆమె పుట్టిన ఊరేదో, ఎన్నో ఏట పెళ్ళయిందో, భర్త ఎట్లా పోయాడో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలిసిందల్లా మా గేటు దగ్గర ఆమె నిలబడే తీరు, మాట్లాడే తీరు, ఒక రాయి విషయంలో నన్ను నిలబెట్టిన తీరు.

మిగతా వాళ్ళలా వీధి మొదట్లోనే కేక పెట్టేది కాదు. గేటు ఇనుప కమ్మీ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, గంప అరుగు మీదికి దించుకుని, తల మీది చుట్టకుదురు విప్పి దులిపి భుజాన వేసుకునేది. మా ఆవిడ బయటికి వచ్చేలోగా తడిగుడ్డ తొలగించి కుప్పలు సర్దేది. సిర్రాకు, గోగాకు మడిలో పెంచినవి. చెంచలాకు, పొన్నగంటాకు మాత్రం గట్ల వెంబడి, కాలువ పక్కన ఆమె తిరిగి కోసుకొచ్చినవి. లేతదేనా అని ఎవరైనా అడిగితే నోటితో జవాబు చెప్పదు. ఒక కాడ తీసుకుని వాళ్ళ చెవి దగ్గర పుటుక్కుమని విరిచేది. అంతే, బేరం ముగిసేది.

మా వీధి చివర గుడి ఉంది, వెనక వీధిలో మసీదు ఉంది. ఆమె ఏదో చెబుతూ ఉండగా మైకు మొదలైతే టక్కున ఆగిపోయేది. పాట ఎంతసేపు సాగితే అంతసేపు చేతులు కట్టుకుని నిలబడేది. నేను ఒకసారి, ఫరవాలేదు చెప్పమ్మా, నాకు వినపడుతోంది అన్నాను. "వాళ్ళది కానీండి అయివోరా. ఇద్దురు ఒకే తూరి మాట్లాడితే ఇనేవానికి కష్టం" అంది. అందులో ఎగతాళి లేదు.

ఇంకో అలవాటు మొదట్లో నాకు విసుగు పుట్టించింది. ఏది అడిగినా అప్పుడే జవాబు చెప్పేది కాదు. అడిగిన ప్రశ్న గంపలో వేసుకుని పోయి, తర్వాత వచ్చినప్పుడు బదులు తెచ్చేది. "మొన్న మీరు అడిగినారే" అని మొదలుపెట్టేది. అప్పటికి మేము అడిగిన సంగతి మరచిపోయి ఉండేవాళ్ళం. ఎందుకమ్మా ఇంత ఆలస్యం అంటే దానికి మాత్రం వెంటనే చెప్పింది. "ఆకు పచ్చిదైతేనే బాగుంటాది. మాట మాత్రం ఒక రాత్రి నానాల."

నేను ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మాటల గురించి నాకు తెలియనిది ఏముందిలే అనుకునేవాణ్ణి. అందుకేనేమో ఆమె మాట్లాడే మనిషని నేను కనిపెట్టడానికి రెండేళ్ళు పట్టింది. అదీ బస్సు టైరు పంచరైతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఐరాలలో పెళ్ళికి పోతున్నాను. దారిలో ఒక పల్లె దగ్గర బస్సు ఆగిపోయింది. దిగి నీడ కోసం చూస్తే రోడ్డు పక్కనే చిన్న చర్చి. తలుపు వేసి ఉంది. మెట్టు మీద మా ఆకుకూరలామె కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద పది, పదిహేను మంది ఆడవాళ్ళు, వెనక గోడకు ఆనుకుని నలుగురైదుగురు మగవాళ్ళు. ఆమె కుడి అరచేయి పైకి తిప్పి, ఏదో బరువు తూచినట్టు మెల్లగా ఆడిస్తూ మాట్లాడుతోంది.

అంతకు రెండు రోజుల ముందు గాలివాన పడి ఆ చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయంతా రాలిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. రాలింది ఆమె తోటలోనే కాబోలు. మా ఆకుకూరలామె అందరికీ చెబుతున్నట్టే ఉంది గాని ఆ మాటలు ఆ ఒక్కామెకే. దేవుడు పరీక్షించాడని గాని, అంతా మన మంచికేనని గాని అనలేదు. "ఏడ్సేది ఏడువు. గాలి నీ తోట సూసి రాలేదు, నీ తప్పు సూసి రాలేదు. ఏడ్సినంక లేసి గంప తెచ్చుకో. రాలిన కాయ ఎత్తాల గదా. ఆయన గూడా నీ ఎంబడే వంగి ఎత్తుతాడు. అంతే నాకు తెలిసింది" అంది. తర్వాత అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బస్సు హారన్ కొడితే ఎక్కేశాను.

తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు అడిగాను. ఇంత బాగా చెబుతావు, మా వీధిలో ఒక్కరికీ ఎప్పుడూ ఎందుకు చెప్పలేదు అని. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఆకు కొనేవాళ్ళకు ఆకే ఇవ్వాలట. వాక్యం, అంటే దేవుని మాట, అడిగినవాళ్ళకు వాక్యం. అది ఇది కలిపి అమ్మితే రెండూ వాడిపోతాయట.

మరి తలుపు వేసిన చర్చి బయట మెట్టు మీద ఎందుకు కూర్చున్నావని కూడా అడిగాను. అది మాత్రం నవ్వుతూ చెప్పింది. పాస్టరుకు ఆరు పల్లెలున్నాయి. నెలకు ఒకటి రెండు ఆదివారాలే ఈ ఊరికి రాగలడు. ఆయన రానప్పుడు జనం పాటలు పాడుకుని లేచిపోయేవాళ్ళు. ఒక ఆదివారం ఈమె లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పింది. జనానికి బాగుంది. కానీ చర్చి పెద్ద, అంటే ఆమె మరిది, ఒప్పుకోలేదు. మన గుళ్ళో ఆడమనిషి వాక్యం చెప్పింది ఏనాడూ లేదు, మన పెద్దోళ్ళు చేయనిది మనమెట్లా చేస్తాం అన్నాడు. ఈమె వాదించలేదు. ఆరాధన అయ్యాక తలుపు వేస్తారు, మెట్టు బయటే ఉంటుంది. బయట కూర్చుంది.

"మా మరిది మంచోడే అయివోరా. పాతదాన్ని కాపాడాల అనుకునే మనిషి. ఆ పాతది ఏందో తెలీకుండానే కాపాడతా ఉండాడు" అంది.

ఆ పాతది ఏమిటో ఆమెకే దొరికింది.

ఊరి బయట, కాలువ పక్కన వాళ్ళ సమాధుల తోట ఉంది. సగం కంపచెట్లు కమ్మేసి ఉన్నాయి. పొన్నగంటాకు అక్కడ బాగా పెరుగుతుందని లోపలికి దూరింది. కొడవలి ఖణేలుమంది. చూస్తే పక్కకు వాలిపోయిన నల్లరాయి, దాని మీద అక్షరాలు. ఆమెకు బైబిలు చదవడం వచ్చు గాని ఆ అక్షరాలు అంతుబట్టలేదు. నాచు పట్టింది, సున్నం పొరలు కట్టింది, రాత పాతకాలంది. మొదటి వరసలో ఒక అక్షరం, రెండో వరసలో 'వాక్యము' అనే మాట మాత్రం తెలిశాయి. గంప దించకుండానే గేటు దగ్గర ఆ సంగతి చెప్పి, మీరు పాత తెలుగు సదవతారు గదా, ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగింది.

వస్తానన్నాను. పోలేదు. ఎండలు తగ్గనీ అన్నాను. తగ్గాక వానలన్నాను. తర్వాత మోకాళ్ళ నొప్పి అన్నాను. ఉన్న మాట చెప్పాలి. వాళ్ళ శ్మశానంలోకి నేను పోవడమేమిటని నాకు లోపల ఏదో అడ్డం పడింది. మా ఆవిడ, పోతే పోండి గాని వచ్చి తలస్నానం చేసే లోపలికి రండి అంది. ఆ మాట నాకు తప్పుగా కూడా తోచలేదు.

నాలుగోసారి ఆమె గంప లేకుండా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఒక నీళ్ళ సీసా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. కమ్మీ తట్టలేదు. నేనే చూసి బయటికి వచ్చాను.

"ఈ పొద్దు యాపారం లేదు అయివోరా. మీ కోసమే వచ్చినాను" అంది.

చెప్పులు వేసుకుని ఆమె వెంట బస్సెక్కాను.

సమాధుల తోటలో కంపలు ఆమె ముందే కొట్టి దారి చేసి పెట్టింది. రాయి నడుము ఎత్తు పొడుగు, ఒక పక్కకు ఒరిగి, కింది భాగం మట్టిలో కూరుకుపోయి ఉంది. ఎడమ పై మూల విరిగిపోయింది. కొబ్బరి పీచుతో రుద్దాను, నీళ్ళు పోశాను. అక్షరాలు రాలేదు. సుద్దముక్క పూస్తే ఇంకా అలికినట్టయింది. ఆమె చూసి చూసి, కాలువ గట్టు నుంచి గుప్పెడు ఎర్రమన్ను తెచ్చి తడిపి రాయంతా పూసింది. ఆరాక గుడ్డతో పైపైన తుడిచింది. గుంటల్లో ఎర్రమన్ను నిలిచిపోయి అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆ ఉపాయం తట్టలేదు.

మొదటి వరసలో పేరు. కానీ ఆ మూలే విరిగిపోయింది. మిగిలింది 'మ్మ' ఒక్కటే.

"ఏ అమ్మో తెలియడం లేదే" అన్నాను.

"మ్మ అంటే మేమంతా అదే గదా" అంది ఆమె.

రెండో వరస నేను గట్టిగా చదివాను. 'ఈ పల్లెలకు కాలినడకను వాక్యము చెప్పిన బోధకురాలు.' ఆమె నా నోటినే చూస్తోంది. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి. మూడోసారి నాతోపాటు తానూ అంది. తర్వాత కాగితం మీద రాసిమ్మని అడిగింది. రాసి, కింద సంతకం పెట్టి, తెలుగు పండితుడు, విశ్రాంత అని కూడా రాసి ఇచ్చాను. ఆ రోజు ఇంటికి వస్తూ ఏదో ఘనకార్యం చేసినట్టే అనుకున్నాను.

వారం తిరక్కముందే ఆమె మళ్ళీ వచ్చి, వచ్చే ఆదివారం ఒకసారి రావాలంది. కాగితం చూసి మరిది నమ్మలేదట. రాతి దగ్గరికే పోయి చూశాడట. మీరు రాసింది ఆడ లేదు అంటున్నాడు, మీ నోటితో మీరే వచ్చి చెప్పండి అంది.

నాకు కోపం వచ్చింది. నా తెలుగునే తప్పు పడతాడా అనుకుంటూ పోయాను.

మరిది యాభై ఐదేళ్ళ మనిషి. తెల్ల చొక్కా, చేతిలో కళ్ళద్దాల పెట్టె. నన్ను చూసి నమస్కారం పెట్టి, రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేలు ఒక చోట పెట్టాడు. "అయివోరా, ఈడ సూడండి. 'బోధకు' ఉండాది. తర్వాత 'లు' ఉండాది. నడిమధ్య మీరు 'రా' అని రాసినారు. ఈడ రా యాడుండాది?" అని అడిగాడు. గొంతులో దురుసు లేదు.

నేను వంగి చూశాను. బొటనవేలంత వెడల్పున రాయి పెచ్చు లేచిపోయి ఉంది. అది అక్షరం ఉండి పోయిన గుంటో, అసలు మొదటి నుంచీ ఉన్న గుంటో చెప్పడానికి లేదు. 'బోధకులు' అని కూడా చదవచ్చు. అప్పుడు అది ఎవరో ఒక పెద్దాయన. 'మ్మ' అనేది ఆయన భార్య పేరు చివర కావచ్చు. ఆ మాటే మరిది మెల్లగా అన్నాడు. మొదటి రోజు నేను ఆ పెచ్చును చూశాను. చూసి కూడా, ఉండాలనుకున్నది చదివేశాను. సంతకం కూడా పెట్టాను.

చుట్టూ ఇరవై మంది దాకా చేరారు. ఎక్కువ మంది మెట్టు దగ్గర నేను చూసిన ఆడవాళ్ళే. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. దీర్ఘం కొస కనిపిస్తోంది చూడండి, మీకు తెలియదు గాని పాత రాతలో అట్లాగే ఉంటుంది అంటే కాదనగలవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆ మాట నా నాలిక మీదికి వచ్చింది కూడా. 'పాత రాతలో' అని మొదలుపెట్టాను.

ఆమె నా ముఖమే చూస్తోంది. ఏం కనిపించిందో.

"లేనిది సదవద్దండి అయివోరా" అంది. "ఉండేదే సదవండి."

నేను ఆగిపోయాను. ఆ అక్షరం పోయింది, ఏదని ఒట్టు వేసి చెప్పలేను, కాగితంలో నేను రాసింది నా ఊహ అన్నాను. ఇంత వయసు వచ్చాక అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆడవాళ్ళలో ఎవరో నిట్టూర్చారు. ఆమె మాత్రం తల ఊపి, రవికలో దాచుకున్న కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి నా చేతికి ఇచ్చేసింది. ఆ ముఖంలో ఓడిపోయినట్టు ఏమీ లేదు. నన్ను ఏదో ప్రమాదం నుంచి తప్పించినట్టు కుదుటపడి ఉంది.

ఇక వెళ్ళిపోదామని నేను లేచాను. మరిది లేవలేదు. రాతి వైపే చూస్తూ, ఆడదో మొగోడో, వాక్యం చెప్పిన మనిషిది గదా, ఇట్లా వాలిపోయి ఉంటే మనకే సిగ్గు, నిలబెట్టి పోదాం అన్నాడు. అతనికి అట్లా అనిపించకపోయి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఒకరు గడ్డపార తెచ్చారు. తవ్వడానికి వేరేవాళ్ళు ముందుకొచ్చినా ఇవ్వకుండా తానే చొక్కా విప్పి తవ్వాడు. మూడు జానల లోతు తవ్వేసరికి మట్టిలో పాతుకున్న భాగం బయటపడింది. దాని మీద ఇంకో వరస ఉంది. మట్టిలో ఉండబట్టి ఎండ, వాన తగల్లేదేమో, ఆ వరస నిన్న చెక్కినట్టుంది.

అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆమె చేతిలోని నీళ్ళ సీసా తీసుకుని నీళ్ళు పోసి అరచేత్తో తుడిచాడు. నన్ను చదవమని అడగలేదు. తానే కూడబలుక్కుంటూ చదివాడు.

"ఆమె మాట వినినవారు నిలిపిన రాయి."

అతను మొదటి మాట మీద వేలు పెట్టి ఇంకోసారి అన్నాడు. "ఆమె."

తర్వాత తన పని తాను చేసుకున్నాడు. రాయి నిలబెట్టి, చుట్టూ రాళ్ళు కూరి, మట్టి తొక్కి గట్టి చేశాడు. ఆ వరస మళ్ళీ మట్టిలోకి పోకుండా కొంచెం పైకే నిలిపాడు. గడ్డపార తుడిచి పక్కన పెట్టి, చొక్కా తొడుక్కుంటూ, గుండీల వైపు చూస్తూ, "వదినే, వచ్చే ఆదివారం పాస్టరయ్య రాడు. నువ్వు లోపలికి రా" అన్నాడు.

ఆమె రాతి ముందు కూర్చుని ఆ చివరి వరస మీద అరచేయి ఆనించి ఉంది. నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. ఎంతమంది విన్నారో రాసి ఉండాదా అని. లేదన్నాను. మంచిదే అంది.

తర్వాతి ఆదివారం నేనూ పోయాను. వెనక బెంచీలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ బయట కూర్చున్న మనిషి లోపల ఏం చెబుతుందో, గెలిచినట్టు ఒక మాటైనా అంటుందేమో అని చూశాను. ఆమె ప్రసంగపీఠం వెనక్కి పోలేదు. దాని పక్కన, నేల మీదే నిలబడింది. మాట్లాడింది పది నిమిషాలే.

"ఆయమ్మ నడిసింది. రాయి మీద ఉండాది, అందరం సూసినాం. అప్పుడు బస్సు లేదు, రోడ్డు లేదు. మన ఎండలు మీకు తెలుసు. ఒక పల్లెకు, ఇంకో పల్లెకు నడమ ఎవురో ఒకరు ఆయమ్మకు నీళ్ళిచ్చి ఉండాల. ఈయకపోతే ఆయమ్మ ఈడిదాకా రాదు, మనకు వాక్యం లేదు. ఆ ఇల్లు యాడుండాదో ఎవురికీ తెలీదు. ఆ ఇంటికి రాయి లేదు. నేను వారం దినాలుగా ఆ ఇంటిని గురించే తలుసుకుంటా ఉండాను."

తర్వాత ఇంకా ఏదో చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. మా ఇంటి కిటికీ గూట్లో ఒక స్టీలు లోటా ఉండేది. ఎండన పడి వచ్చిన ఆమెకు మా ఆవిడ అందులోనే నీళ్ళిచ్చేది. ఆమె తాగి, కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే బోర్లించి పోయేది. ఆ లోటాను మేము ఇంకెవరికీ వాడలేదు, లోపలికి తేలేదు. ఎందుకని మేము ఒకరినొకరం అడుక్కున్నదీ లేదు. ఆమె చెప్పిన మాట మమ్మల్ని ఉద్దేశించి కాదు. మా సంగతి ఆ మనసులో ఉండి ఉంటే వేరేగా చెప్పేది. నీళ్ళిచ్చినవాళ్ళలో మమ్మల్నీ కలుపుకునే చెప్పింది. అదే నాకు మరీ కష్టంగా తోచింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె విని, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంగళవారం ఆకుకూరలామె రాగానే గేటు దాకా ఎదురు పోయి, లోపలికి రా, కూర్చుని మజ్జిగ తాగి పో అంది. ఆకుకూరలామె ఆకు ఇచ్చి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. మా ఆవిడకు ఏడుపొచ్చింది. ఆలస్యం చేశాం, ఇక రాదు అంది.

గురువారం కమ్మీ రెండుసార్లు తట్టిన శబ్దం. గంప అరుగు మీద దించి, కాళ్ళు కడుక్కుని, "మొన్న లోపలికి రమ్మనినారే అమ్మా. ఈ పొద్దు వస్తాను" అంది. వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. పొన్నగంటాకులో ఎర్రగడ్డ ఎక్కువ వేయకూడదని మా ఆవిడకు చెబుతూ మజ్జిగ తాగింది. ఆ తర్వాత ఐదేళ్ళు ఆ పీట ఆమెదే. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. నేను పోతే ఆపేసేవాళ్ళు.

పోయినేడాది ఆమె మోకాళ్ళు సహకరించక చిత్తూరికి రావడం మానేసింది. మేమే రెండుసార్లు పోయి చూసి వచ్చాం. రెండోసారి ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. ఆదివారాలు మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోతున్నారని చెప్పింది. ఇప్పుడు నేను సెప్పేది తక్కువ, ఇనేది ఎక్కువ, ఇదీ బాగానే ఉండాది అంది.

బేస్తవారం మా ఆవిడా నేనూ కూడికకు పోయాం. చర్చి ముందు షామియానా వేశారు. వంట ఒక పక్క జరుగుతోంది. పాస్టరు పట్నం నుంచి వచ్చాడు. కొత్తాయన, కుర్రవాడు. మనిషి పోయిన సందర్భం కాబట్టి ఓదార్పు మాటలు నాలుగు బాగా సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నాడు. పాట అయ్యాక లేచి గ్రంథం తెరిచాడు.

మరిది లేచి ఆయన దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, మీరు కడాన చెప్పండి అయ్యా, ముందు ఆడోళ్ళు చెప్తారు అన్నాడు. పాస్టరుకు అర్థం కాలేదు. సాక్ష్యమా, ఒకరా ఇద్దరా అని అడిగాడు. "ఎంతమంది ఉంటే అంతమంది" అన్నాడు మరిది.

మొదట ఎవరూ లేవలేదు. తర్వాత, మామిడి కాయంతా పోగొట్టుకున్న ఆమె అనుకుంటాను, లేచి నిలబడింది. మైకు వద్దంది. గాలివాన కొట్టినప్పుడు, వాక్యం చెప్పిన మరుసటి దినం ఈయమ్మే గంప తెచ్చి నా ఎంబడి కాయలు ఎత్తింది, సందాల దాకా ఒక్క మాట మాట్లాడలేదు అని చెప్పి కూర్చుంది. ఆమె వెనకే ఇంకొకామె లేచింది. పెళ్ళయి పదేళ్ళు బిడ్డలు లేనప్పుడు ఊరంతా సలహా చెప్పిందనీ, ఈయమ్మ మాత్రం ఏ సలహా చెప్పకుండా వారం వారం పిడికెడు చెంచలాకు తెచ్చి గడప దగ్గర పెట్టి పోయేదనీ చెప్పింది. తాగే మొగుణ్ణి ఏం చేయాలని అడిగితే మూడు దినాలు ఆలోచించి వచ్చి, నువ్వు నీ పుట్టింటికి పో, నేను తోడొస్తా అనిందని ఒక చిన్న వయసామె చెప్పింది. చెబుతున్నవాళ్ళలో కొందరు చర్చి వాళ్ళు కూడా కాదు. నుదుట బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. మా ఆవిడ లేచి నిలబడినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నాతో ఏనాడూ చెప్పని సంగతి ఒకటి ఆ రోజు వాళ్ళందరికీ చెప్పింది. అది ఆమెది, ఇక్కడ రాయను.

ఎండ షామియానా ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగింది. వంటవాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి పోయారు. మూడోసారి పాస్టరు మరిది వైపు వంగి, అన్నం చల్లారిపోతోంది పెద్దాయనా అన్నాడు.

"సల్లారనీ అయ్యా" అన్నాడు మరిది. ఇంకో ముసలామె లేవబోతుంటే పోయి చెయ్యి అందించాడు.

ఆ పూట మేమంతా చల్లటి అన్నమే తిన్నాం.